మానేసి మూడో రోజు: తహతహ పుట్టిన ఆ కొద్ది నిమిషాలను మీరెలా దాటారు?

కొత్తఊపిరి
మూడో రోజు, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. పద్నాలుగేళ్లుగా రోజుకు పదిహేను నుంచి ఇరవై సిగరెట్లు కాల్చిన నేను ఆదివారం రాత్రి చివరిది ఆర్పేశాను. నిన్నటి వరకు ఎలాగో నెట్టుకొచ్చాను కానీ ఈరోజు మధ్యాహ్నం నుంచి నా వల్ల కావడం లేదు. పని చేసుకుంటూ ఉండగా, ఏ కారణమూ కనిపించకుండానే ఛాతీలో ఏదో ఖాళీ అయినట్టు అనిపిస్తుంది, నోరు ఊరుతుంది, చేయి తనంతట తానే చొక్కా జేబు తడుముకుంటుంది. జేబులో ఏమీ లేదని తెలిసిన మరుక్షణం పట్టరాని కోపం వస్తుంది. సాయంత్రం చాలా చిన్న విషయానికి మా అమ్మాయి మీద కేకలు వేశాను. పదేళ్ల పిల్ల, ఏమీ అనకుండా లోపలి గదిలోకి వెళ్లిపోయింది. అప్పటి నుంచి నాకు మనసు మనసులో లేదు.

మానేయడం ఎందుకు మంచిదో నాకు తెలుసు కాబట్టి దయచేసి ఆ విషయం వదిలేయండి. ఆ తహతహ మొదలైన క్షణం నుంచి అది తగ్గే క్షణం వరకు మీరు నిజంగా ఏం చేశారో, ఎక్కడ నిలబడ్డారో, చేతులతో ఏం చేశారో, అది మాత్రం చెప్పండి.

పాతకాపు (మానేసి 9 సంవత్సరాలు)
అదే రోజు, రాత్రి 10:25

కొత్తఊపిరి గారూ, ఈరోజే మీకు ఇంత కష్టంగా ఉండడానికి కారణం ఉంది. ఒంట్లోని నికోటిన్ సుమారు 2 గంటలకోసారి సగానికి తగ్గుతూ పోతుంది కాబట్టి, చివరి సిగరెట్టు తర్వాత రెండు మూడు రోజులు గడిచేసరికి రక్తంలో చెప్పుకోదగినంత మిగలదు. ఏళ్ల తరబడి దానికి అలవాటుపడిన మెదడు మాత్రం ఆ లోటుకు ఇంకా సర్దుకోలేదు. అందుకే చిరాకు, నిద్ర పట్టకపోవడం, దేని మీదా మనసు నిలవకపోవడం, ఆకలి, దిగులు మొదటి వారంలో, అందులోనూ తొలి మూడు రోజుల్లో ఎక్కువగా ఉంటాయి. రెండు నుంచి నాలుగు వారాల్లో అవి క్రమంగా తగ్గుముఖం పడతాయి.

ఇక మీ ప్రశ్నకు వస్తాను. సిగరెట్టు పెట్టె ఉండే జేబులోనే నేను ఒక చిన్న నోటుపుస్తకం, పెన్సిలు పెట్టుకున్నాను. తహతహ మొదలవగానే గడియారం చూసి సమయం రాసేవాణ్ణి, తగ్గిందనిపించగానే మళ్లీ రాసేవాణ్ణి, ఆ సమయంలో ఎక్కడ ఉన్నానో, ఏం చేస్తున్నానో పక్కన ఒక ముక్క రాసేవాణ్ణి. మొదటి రోజు 17 సార్లు రాశాను. వాటిలో అతి పొడవైనది 7 నిమిషాలు, ఎక్కువ భాగం 3 నుంచి 5 నిమిషాలవి. ఆ అంకెలు చూసుకున్న రాత్రి నాకు మొదటిసారి ధైర్యం వచ్చింది, ఎందుకంటే అంతవరకు, కాల్చకపోతే ఆ తహతహ పెరుగుతూనే పోయి చివరికి నన్ను విరిచేస్తుందని నేను గట్టిగా నమ్మాను. అది పెరుగుతుంది, కాసేపు నిలుస్తుంది, మనం కాల్చినా కాల్చకపోయినా దిగిపోతుంది. ఇరవై రెండేళ్లలో ఒక్కసారి కూడా దాన్ని దిగేదాకా ఉండనివ్వలేదు గనుక ఆ సంగతి నాకు తెలియకుండా పోయింది.

మీ అమ్మాయికి విషయం చెప్పండి. పిల్లలకు కారణం తెలియకపోతే తప్పు తమదే అనుకుంటారు.

చిరుగాలి
అదే రోజు, రాత్రి 10:50

నేను ఒక్కటే చెబుతాను. కూర్చుని ఉంటే లేవండి, గదిలో ఉంటే బయటికి నడవండి, నిలబడి ఉంటే మెట్లు ఎక్కి దిగండి. అయిదు పది నిమిషాలు చురుగ్గా నడిస్తే చాలు, ఆ సేపూ, ఆ తర్వాత కొంతసేపూ తహతహ తగ్గుతుందని పరిశోధనలు కూడా చెబుతున్నాయి. నా అనుభవంలో అన్నింటికంటే ముఖ్యమైనది, అది వచ్చిన చోటే కూర్చుని దానితో వాదనకు దిగకపోవడం. కూర్చుని వాదించిన ప్రతిసారీ నేనే ఓడిపోయాను.

తూరుపుకిటికీ (మానేసి 5 నెలలు)
నాలుగో రోజు, ఉదయం 6:30

కొత్తఊపిరి గారూ, నాకు బాగా ఆలస్యంగా తెలిసిన ఒక విషయాన్ని మీరు ముందే తెలుసుకోవాలని రాస్తున్నాను. మానేసిన మొదటి వారంలో నా చేతులు వణికేవి, గుండె దడదడలాడేది, అర్ధరాత్రి దాటినా కళ్లు మూతపడేవి కావు. ఇదంతా సిగరెట్టు మానడం వల్లేనని, ఒక్కటి కాలిస్తే తగ్గిపోతుందని అనుకున్నాను. చివరికి తేలిందేమిటంటే అందులో సగం కాఫీ వల్ల. పొగలో ఉండే తారు పదార్థాలు కాలేయంలో కెఫీన్‌ను విరగ్గొట్టే ఎంజైమును ఉరకలెత్తిస్తాయి, అందువల్ల పొగతాగేవారి ఒంట్లో కెఫీన్ త్వరగా కరిగిపోతుంది. పొగ ఆపగానే కొద్ది రోజుల్లోనే ఆ ఎంజైము జోరు తగ్గుతుంది, అదే నాలుగు కప్పులకు రక్తంలో కెఫీన్ దాదాపు రెట్టింపు నిలుస్తుంది. నేను కప్పులను సగానికి తగ్గించి, మధ్యాహ్నం తర్వాత పూర్తిగా ఆపేశాక రెండు రోజుల్లోనే దడ తగ్గింది, నిద్ర పట్టింది. టీ ఎక్కువగా తాగేవారికీ ఇదే వర్తిస్తుంది.

మరొక మాట. కప్పుకూ సిగరెట్టుకూ ఉన్న ముడి ఎంత గట్టిదంటే, కప్పు పట్టుకోగానే ఇంకో చేయి తేలికైపోయినట్టు ఉండేది. నేను ఎప్పుడూ కూర్చునే కుర్చీ మార్చాను, కప్పు ఎడమచేతికి మార్చాను, తాగడం అయిపోగానే కూర్చోకుండా లేచి కప్పు కడగడం మొదలుపెట్టాను. వినడానికి ఎంతో అల్పంగా ఉన్నా, తడిచేతులతో ఎవరూ సిగరెట్టు వెలిగించుకోలేరు.

మందులచీటీ (ఫార్మసిస్టు)
నాలుగో రోజు, ఉదయం 8:05

తూరుపుకిటికీ గారు చెప్పింది నిజం. దానికి నా తరఫున ఒక జాగ్రత్త కలుపుతాను. ఆ ఎంజైమే కొన్ని మందులను కూడా విరగ్గొడుతుంది. ఉబ్బసానికి థియోఫిలిన్, మానసిక ఆరోగ్యానికి క్లోజపిన్, ఒలాంజపిన్ వంటివి వాడుతున్నవారు పొగ మానేస్తే రక్తంలో ఆ మందుల మోతాదు పెరగవచ్చు కాబట్టి, మానే ముందే వైద్యుడికి చెప్పాలి. దీనికి భయపడి మానడం ఆపవద్దు, మోతాదు సరిచూసుకుంటే సరిపోతుంది.

కొత్తఊపిరి గారూ, నమిలే నికోటిన్ గమ్ము గానీ, చర్మానికి అంటించుకునే నికోటిన్ ప్యాచ్ గానీ వాడుతున్నారా? వాడకపోతే, ఎందుకు వద్దనుకున్నారు?

నిదానం (మానేసి 3 సంవత్సరాలు)
నాలుగో రోజు, ఉదయం 9:30

మందులచీటీ గారి మీద గౌరవంతోనే నా అభ్యంతరం చెబుతున్నాను. నికోటిన్‌నుంచి బయటపడాలనుకునే మనిషికి మళ్లీ నికోటినే ఇవ్వడం నాకు మొదటి నుంచీ మింగుడుపడలేదు. నేను గమ్ము వాడి చూశాను. నోరు మండింది, ఎక్కిళ్లు వచ్చాయి, కడుపులో తిప్పింది, సిగరెట్టు మీద కోరిక మాత్రం కొంచెమైనా తగ్గలేదు. అయిదో ప్రయత్నంలో అన్నీ పక్కనపెట్టి ఒక్కసారిగా ఆపేస్తేనే మానగలిగాను.

మందులచీటీ
నాలుగో రోజు, మధ్యాహ్నం 1:15

నిదానం గారూ, మీరు చెప్పిన ఎక్కిళ్లు, కడుపు తిప్పడం చూస్తే ఎవరో మీకు గమ్ము ఇచ్చి, దాన్ని నమిలే పద్ధతి చెప్పలేదనిపిస్తోంది. మా వృత్తిలో ఉన్నవారు చేసే తప్పుల్లో ఇది ఒకటి, నేనూ చేశాను. దాన్ని మామూలు చూయింగ్ గమ్ములా గబగబా నమిలితే నికోటిన్ లాలాజలంతో కడుపులోకి పోతుంది, అక్కడ అది పనికిరాదు, మంట మాత్రం పుట్టిస్తుంది. నోటిలో కారంగానో చిమచిమలాడుతున్నట్టుగానో అనిపించేదాకా మెల్లగా నమిలి, వెంటనే ఆపి, చిగురుకూ బుగ్గకూ మధ్య పెట్టి ఉంచాలి. చిమచిమ తగ్గాక మళ్లీ రెండు మూడుసార్లు నమిలి, ఈసారి ఇంకోవైపు పెట్టుకోవాలి. ఇలా సుమారు అరగంట. కాఫీ, పళ్లరసం వంటి పుల్లటి పానీయాలు నోటిలో నికోటిన్ ఇంకకుండా అడ్డుకుంటాయి కాబట్టి, నమిలే ముందు 15 నిమిషాలు, నమిలే సేపూ ఏమీ తాగకూడదు. నిద్రలేచిన 30 నిమిషాలలోపే మొదటి సిగరెట్టు వెలిగించే అలవాటు ఉన్నవారికి 4 మిల్లీగ్రాములది, మిగతావారికి 2 మిల్లీగ్రాములది సరిపోతుంది. అసలు అవసరం 4 మిల్లీగ్రాములు అయినప్పుడు 2 తీసుకుని, పనిచేయలేదని పారేసినవారిని ఎందరినో చూశాను.

మీ అసలు అభ్యంతరానికి కూడా జవాబు చెప్పాలి. సిగరెట్టు దమ్ములో నికోటిన్ 10 నుంచి 20 సెకన్లలో మెదడుకు చేరుతుంది, ఆ వేగమే దాన్ని అంతగా కట్టిపడేసే వస్తువుగా చేస్తుంది. గమ్ములోంచి అదే నికోటిన్ నెమ్మదిగా, తక్కువ మోతాదులో అందుతుంది. తారు లేదు, కార్బన్ మోనాక్సైడ్ లేదు. ఒంటి బాధను కొంత తగ్గించి, చేతికీ నోటికీ పట్టిన అలవాటును విడిపించుకోవడానికి మనకు ఎనిమిది నుంచి పన్నెండు వారాల వ్యవధి దొరుకుతుంది. గమ్ము ఆలోచనకు మూలం జలాంతర్గాములు. లోపల పొగతాగడానికి వీలులేని స్వీడన్ నావికులు నమిలే పొగాకుతో సరిపెట్టుకుంటున్నారని తెలిసి, ఓవే ఫెర్నో అనే రసాయన శాస్త్రవేత్త దాని తయారీకి పూనుకున్నారు.

ప్యాచ్ రోజంతా నిలకడగా కొంత నికోటిన్ ఇస్తుంది, కొత్తఊపిరి గారు చెప్పినట్టు హఠాత్తుగా వచ్చే తహతహకు పైన గమ్ము తోడవుతుంది. రెండూ కలిపి వాడితే ఒక్కదానికంటే బాగా పనిచేస్తాయి. వరెనిక్లిన్, బుప్రోపియాన్ వంటి మాత్రలు కూడా ఉన్నాయి, కానీ అవి వైద్యుడు చూసి రాయవలసినవి. ఉదాహరణకు మూర్ఛ వచ్చిన చరిత్ర ఉన్నవారికి బుప్రోపియాన్ ఇవ్వరు. గుండెజబ్బు ఉన్నవారు, గర్భిణులు గమ్ము, ప్యాచ్ విషయంలోనూ ముందు వైద్యుణ్ణి అడగాలి.

నిదానం
నాలుగో రోజు, మధ్యాహ్నం 2:40

గమ్మును చిగురు పక్కన పెట్టుకోవాలని నాకు ఎవరూ చెప్పలేదు. నేను దాన్ని అరగంట ఆపకుండా నమిలాను. ఒక్కసారిగా ఆపడమే నాకు కుదిరిందన్న మాట మీద నిలబడతాను గానీ, గమ్ము పనికిరాదన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను.

కొత్తఊపిరి
అయిదో రోజు, రాత్రి 8:55

మీ అందరికీ ఎలా కృతజ్ఞతలు చెప్పాలో తెలియడం లేదు. నిన్న సాయంత్రం ఫార్మసిస్టుతో మాట్లాడి ప్యాచ్, 4 మిల్లీగ్రాముల గమ్ము తీసుకున్నాను. నాది నిద్రలేవగానే వెలిగించే అలవాటు. కాఫీ సగం చేశాను. నోటుపుస్తకం కొన్నాను, నిన్న 14, ఈరోజు 11.

మా అమ్మాయిని కూర్చోబెట్టి, నాన్న ఎందుకు అరిచాడో చెప్పి క్షమించమని అడిగాను. అది కాసేపు ఆలోచించి, అయితే నీకు అది వచ్చినప్పుడు నేను గడియారం పట్టుకుంటాను, నువ్వు రాసుకో అంది. ఈ సాయంత్రం ఒకసారి వచ్చింది. నా ఎదురుగా నిలబడి సెకన్లు లెక్కపెట్టింది. 5 నిమిషాల 20 సెకన్లు. పట్టించుకోకుండా ఉండమని ఎందరో చెప్పారు, కానీ ఎదురుగా నిలబెట్టి కొలవడమే నాకు ఎక్కువ సాయపడింది.

రాత్రికాపలా
అయిదో రోజు, రాత్రి 11:50

నేనూ ఎనిమిదో రోజులో ఉన్నాను, రాత్రి పని చేస్తాను. ప్యాచ్ పెట్టుకున్నప్పటి నుంచి విచిత్రమైన కలలు వస్తున్నాయి. నిన్న కలలో వరుసగా మూడు సిగరెట్లు కాల్చాను, లేచాక నిజంగానే కాల్చానేమోనని వేళ్లు వాసన చూసుకున్నాను. అంతా పాడుచేసుకున్నానన్న దుఃఖం చాలాసేపు పోలేదు. ఇది మామూలేనా?

తూరుపుకిటికీ
ఆరో రోజు, ఉదయం 6:10

మామూలే. నాకు అయిదో నెలలో కూడా ఒకసారి వచ్చింది. మానేసినవారిలో చాలామందికి ఆ కల వస్తుంది. కలలో కాల్చినందుకు లేవగానే అంత బాధ కలిగిందంటే, మీరు మానేసిన మనిషిగా మారుతున్నారని నేను అనుకుంటాను. 24 గంటల ప్యాచ్ వాడుతుంటే, పడుకునే ముందు తీసేయవచ్చేమో ఫార్మసిస్టును అడగండి. మీది రాత్రి పని కాబట్టి మీ నిద్రవేళను బట్టి లెక్క చూసుకోవాలి.

కొత్తఊపిరి
ఏడో రోజు, ఉదయం 5:30

రాత్రి తప్పు జరిగిపోయింది. పాత స్నేహితులతో కూర్చున్నాను, మద్యం ఉంది. ఒకతను వెలిగించిన సిగరెట్టును మాటల మధ్యలో నా వైపు చాచాడు, నేను అందుకున్నాను. అందుకున్నానని తెలిసేసరికి రెండు దమ్ములు లాగాను. పారేశాను. కానీ ఇంటికి వస్తూ దారంతా ఒకటే ఆలోచన: ఎలాగూ పోయింది కదా, ఇక ఈ రాత్రికి ఒక పెట్టె కొనుక్కుని, వచ్చే నెల మళ్లీ మొదలుపెడదాం. కొనలేదు. కానీ రాత్రంతా నిద్రపోలేదు. నోటుపుస్తకంలో ఏం రాయాలో తెలియడం లేదు.

పాతకాపు
ఏడో రోజు, ఉదయం 6:05

ఉన్నది ఉన్నట్టు రాయండి. శనివారం రాత్రి, స్నేహితులు, మద్యం, రెండు దమ్ములు, పారేశాను. అంతే రాయండి.

మీకు దారిలో వచ్చిన ఆ ఆలోచన గురించి ప్రత్యేకంగా చెప్పాలి. వ్యసనాల మీద పనిచేసిన అలన్ మార్లట్ అనే అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త, ఒక్క జారుపాటు తర్వాత మనిషి లోపల జరిగేదాన్ని విడిగా గుర్తించి చెప్పారు. నియమం తప్పాను, నేను ఇంతే, ఇక నిలబెట్టుకోవడానికి ఏముంది అన్న ఆ నింద, ఆ నిరాశే చాలామందిని మళ్లీ పూర్తి అలవాటులోకి తోసేస్తుంది. నిజం దాచను, తొలి రెండు వారాల్లో కాల్చిన ఒక్క దమ్ము కూడా ప్రమాదకరమే, దాని తర్వాత మళ్లీ మొదలుపెట్టేవారు ఎక్కువ. అందుకే ఇకమీదట ఒక్క దమ్ము కూడా వద్దు. కానీ ఆ పెట్టె కొనకుండా మీరు ఇంటికి నడిచి వచ్చారు, ఈ మొత్తం వారంలో అత్యంత కష్టమైన పని అదే. ప్యాచ్ తీయవద్దు, ఈరోజు నుంచి మళ్లీ కొనసాగించండి.

నిదానం
ఏడో రోజు, ఉదయం 6:40

నేను నాలుగుసార్లు విఫలమయ్యానని పైన రాశాను. ఆ నాలుగుసార్లూ నన్ను పడగొట్టింది మొదటి సిగరెట్టు కాదు, దాని తర్వాత అదే రాత్రి నేను కొనుక్కున్న పెట్టె. మీరు నాకంటే బాగా చేశారు. నాదొక్క సలహా: కనీసం ఒక నెల మద్యం ఉన్న చోటికి వెళ్లవద్దు. మద్యం రెండు పనులు చేస్తుంది, కోరికను రేపుతుంది, వద్దని చెప్పే నోటిని మూసేస్తుంది. స్నేహితులు నిజమైనవారైతే నెల ఆగుతారు. వారికి ఫోను చేసి, నా వైపు ఎప్పుడూ సిగరెట్టు చాచవద్దని నోరు తెరిచి అడగండి. నేను అడిగితే వాళ్లు నవ్వుతారనుకున్నాను. ఒకతను మాత్రం నేనూ మానాలనుకుంటున్నానన్నాడు.

చిరుగాలి
ఏడో రోజు, ఉదయం 7:20

మేమంతా ఇక్కడే ఉన్నాం. ఈరోజు ఎన్నిసార్లు వచ్చిందో రాత్రికి రాయండి.

కొత్తఊపిరి
ఏడో రోజు, రాత్రి 9:15

9 సార్లు. మా అమ్మాయికి కూడా చెప్పాను. నోటుపుస్తకంలో నా చేత రాయించింది. స్నేహితుడికి ఫోను చేశాను, అతను చాలా నొచ్చుకున్నాడు.

ఇంకొక ప్రశ్న. మానేశాక దగ్గు తగ్గుతుందనుకున్నాను, నాకు ఎక్కువైంది.

మందులచీటీ
ఏడో రోజు, రాత్రి 10:00

శ్వాసనాళాల్లో కఫాన్ని పైకి ఊడ్చే సన్నని కేశాలు పొగ వల్ల చచ్చుబడి ఉంటాయి, మానేశాక అవి మళ్లీ పని మొదలుపెడతాయి. అందుకే కొన్నాళ్లు దగ్గు ఎక్కువ కావచ్చు. కొన్ని వారాలైనా తగ్గకపోయినా, రక్తం పడినా, ఆయాసం వచ్చినా ఆలస్యం చేయకుండా వైద్యుణ్ణి చూడండి. మలబద్ధకం, నోటిపూత కూడా కొందరికి వస్తాయి. దిగులు రోజురోజుకూ పెరిగిపోతుంటే మాత్రం మానడంలో ఇది మామూలేనని ఓర్చుకోవద్దు, అది వైద్యుడికి చెప్పవలసిన విషయం.

రాత్రికాపలా
పదకొండో రోజు, ఉదయం 7:45

ఈ చర్చ చదివి నేనూ నోటుపుస్తకం పెట్టాను. నాకు తెలియనిది ఒకటి కనిపించింది. నా తహతహలన్నీ రాత్రి 3 గంటలకు, ఉదయం పని దిగే వేళకు మాత్రమే వస్తున్నాయి. రోజంతా లాగుతోందని ఇన్నాళ్లూ అనుకున్నాను. ఇప్పుడు 3 గంటలకు పది నిమిషాల ముందే గమ్ము నోట్లో పెట్టుకుని, ఆవరణ చుట్టూ ఒకసారి నడుస్తున్నాను. అది వచ్చేసరికి నేను సిద్ధంగా ఉంటున్నాను. కలలు కూడా తగ్గాయి.

కొత్తఊపిరి
ఇరవై మూడో రోజు, రాత్రి 9:30

కొన్నాళ్లుగా ఇక్కడ రాయనందుకు మన్నించండి. ఏడో రోజు తర్వాత ఒక్క దమ్ము కూడా లాగలేదు. రెండో వారం చివరికి రోజుకు నాలుగైదుసార్లకు తగ్గింది, మూడో వారంలో కొన్ని రోజులు ఒక్కటే. బరువు రెండు కిలోలు పెరిగాను, దాని సంగతి తర్వాత చూసుకుంటాను. కేకలు వేయడం ఆగింది.

అయితే ఈరోజు జరిగింది మీకు చెప్పాలనిపించింది. మూడు రోజులుగా తహతహ అన్నదే లేదు, నోటుపుస్తకంలో ఖాళీ పేజీలు. ఇక అయిపోయిందనుకుంటున్న సమయంలో, సాయంత్రం వాన మొదలైంది. వాన పడితే కిటికీ దగ్గర నిలబడి కాల్చడం నాకు ఏళ్ల అలవాటు, మానేశాక ఇదే మొదటి వాన. మూడో రోజున ఎంత బలంగా లాగిందో అంతే బలంగా లాగింది. కాళ్లు కిటికీ వైపు నడిచాయి, చేయి జేబు మీదికి పోయింది. జేబులో పెన్సిలు తగిలింది.

మా అమ్మాయిని పిలిచాను. గడియారం తెచ్చి కిటికీ దగ్గర నా పక్కన నిలబడింది. ఇద్దరం మాట్లాడకుండా వాన చూస్తూ ఉన్నాం. నేను తల ఊపగానే చూసి చెప్పింది: "నాలుగు నిమిషాల పది సెకన్లు, నాన్నా." రాసుకున్నాను. పక్కన "వాన" అని అదే రాసింది.